మెనోపాజ్ సెగలు, వైజాగ్ ఉక్క: నాకు పనికొచ్చినవి

చెల్లీ, పొయ్యి దగ్గర నిలబడితే ఛాతీలోంచి మొహంలోకి సెగ ఎగదన్నుతోందని, రాత్రుళ్లు జాకెట్టు తడిసి మెలకువ వస్తోందని రాశావు. ఇంట్లోవాళ్లేమో "వైజాగ్‌లో ఉక్క అందరికీ ఉండేదే" అంటున్నారన్నావు. ఇది ఆ ఉక్క కాదు, ముట్లు ఆగిపోయే వయసులో, అంటే మెనోపాజ్‌లో, వచ్చే సెగ. డిసెంబరులో ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకుని పడుకుంటే నాకు మెడ వెనక చెమట ధారకట్టేది. అప్పటికి ముట్లు వెనకా ముందూ అవుతున్నాయి.

ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్ కాస్త తేడాకే ఉలిక్కిపడి, చర్మంలో రక్తనాళాలు తెరిచి చెమట పట్టిస్తుందట. ఒక్కో సెగ మామూలుగా 1 నుంచి 5 నిమిషాలే. డాక్టరమ్మ ఇది చెప్పాక నాకు సగం కంగారు పోయింది.

మన ఊళ్లో అసలు చిక్కు ఆ తర్వాతే. గాలిలో తేమకి పట్టిన చెమట ఆరదు. సెగ పోయినా జిడ్డు, చిరాకు పోవు. అందుకే పాలిస్టర్ నైటీలు మానేసి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర, వదులు జాకెట్టుతో పడుకుంటాను. సీలింగ్ ఫ్యాను చాలదు, మంచం పక్కన టేబుల్ ఫ్యాను ఉండాలి. తలగడ దగ్గర తువ్వాలు, చెంబుడు నీళ్లు. పొగలు కక్కే టీ గొంతు దిగగానే నాకు సెగ వచ్చేది, ఇప్పుడు చల్లార్చి తాగుతున్నా. నీకు కారం కావచ్చు, కోపం కావచ్చు. ఎప్పుడొచ్చిందో క్యాలెండరు మీద రాసుకో, తెలిసిపోతుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిస్తే నాకు సెగలేం తగ్గలేదు గానీ నిద్ర బాగుపడింది.

ఇవన్నీ చేసినా నిద్ర పాడవుతుంటే ఓర్చుకోవద్దు. హార్మోన్ చికిత్సే అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. 60 ఏళ్లలోపు, ముట్లు ఆగిన 10 ఏళ్లలోపు ఆరోగ్యంగా ఉన్న చాలామందికి నష్టం కన్నా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి మామూలుగా ఇవ్వరు. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ కూడా ఉండాలి. హార్మోన్లు పడనివాళ్లకి వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి వేరే మందులు ఉన్నాయి. పక్కింటావిడ చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కోకు తల్లీ.

థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చెమటలు పడతాయి, ఆ పరీక్ష అడుగు. ముట్లు ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనబడినా వెంటనే చూపించుకోవాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గైనిక్ ఓపీకి వెళ్లినా సరే, నీకు నచ్చిన డాక్టరైనా సరే, చివరి ముట్టు తేదీ, ఆ క్యాలెండరు, వాడుతున్న మాత్రలు పట్టుకెళ్లు.