బజారులో నీడ కావాలంటే

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

వ్యాపారుల సంఘానికి నిన్ను కార్యదర్శిని చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. వచ్చే వానలకు మన తిరుపతి బజారు పొడవునా 200 మొక్కలు నాటిస్తానన్నావట. కాస్త ఆగు నాయనా.

నేను సంఘంలో ఉన్నప్పుడు మేమూ ఒక జులైలో 40 మొక్కలు నాటాం. షామియానా వేశాం, ఫోటోలు దిగాం. ఎండాకాలం వచ్చేసరికి మిగిలినవి 6. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో తిరిగి చూశాను. టీ బంకు పక్కన ఒకటి, చెరకు రసం బండి దగ్గర రెండు, పూలమ్మే ఆమె గంప ముందు ఒకటి, ఇలాగే అన్నీ. పూల మీద చిలకరించగా మిగిలిన నీళ్లు ఆమె రోజూ సాయంత్రం ఆ మొక్క మొదట్లో పోసేది. షాపుల వాళ్లం మేమెవరమూ చెంబెడు నీళ్లు పోయలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అందుకే చెబుతున్నా, వీధి బాగుచేయడమంటే ముందు బండ్లను తరిమేయడం అనుకోవద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, బండ్ల వాళ్ల వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వాళ్ల ప్రతినిధులే ఉండాలి. వాళ్లను కూర్చోబెట్టుకుని మాట్లాడు. ఒక్కో మొక్కను ఒక్కొక్కరికి అప్పజెప్పు. నిజానికి దారికి అడ్డం మనమే. షాపు మెట్లు, ఇనుప ర్యాంపులు, పొద్దున పెట్టి రాత్రి తీసే మన స్కూటర్లు. మనిషి నడవడానికి అడ్డం లేకుండా 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు వదలాలని, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. గోవిందరాజస్వామి గుడి నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి నడిచి చూడు. గుండుకు చందనం పూసుకుని, చంకలో పిల్లను ఎత్తుకుని వచ్చే యాత్రికులు ఎక్కడెక్కడ రోడ్డు మీదికి దిగాల్సి వస్తోందో రాసుకో. పని అక్కడ మొదలుపెట్టు.

కొత్తవాటికంటే ముందు ఉన్న చెట్లను చూడు. మా షాపు ముందున్న కానుగకు మొదలంటా సిమెంటు బిగించేశారు. బిందెడు నీళ్లు పోస్తే చుక్క ఇంకలేదు, అలాగే జారి కాలవలోకి పోయాయి. ఉలి, సుత్తితో రెండు రోజులు కొట్టించి చుట్టూ మూడడుగుల మట్టి తెరిపించాను. ఉగాదికి కొమ్మకొమ్మకూ చిగురు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఢిల్లీ అధికారులను ఆదేశించింది. ఆ సంగతి కార్పొరేషన్‌కు పెట్టే అర్జీలో రాయి.

నాటాల్సి వస్తే కానుగ, వేప, పొగడ చాలు. తురాయి వద్దు, వేళ్లు పైపైనే పోతాయి, గాలివానకు ఒరుగుతుంది. పైన కరెంటు తీగలున్న చోట పెద్ద చెట్టే పెట్టకు. కాలవల పూడిక అక్టోబరు లోపు తీయించు, 2021 నవంబరులో ఊరంతా నీళ్లలో మునిగింది గుర్తుంది కదా.

ఆదివారం పొద్దున ఆరు గంటలకు, షట్టర్లు లేవకముందే టేపు పట్టుకుని వస్తాను. ఆ చివర నువ్వు పట్టుకో.

మీ మామ