గోడ, తలుపు, బాత్రూం నేల: అన్నిటికీ ‘స్మూత్‌గా’ అని చెబితే పని చెడుతుంది

తిరుపతిలో ఇల్లు కట్టిస్తున్న మీరు అడిగింది: ‘అన్నీ స్మూత్‌గా రావాలని చెప్పాం, ఒక్కొక్కరు ఒక్కోలా చేశారు. ఏమని చెప్పాలి?’

ఆ ఒక్క మాటతో పని పురమాయించకండి. మన వైపు చేతికి నున్నగా తగిలినా స్మూతే, మట్టంగా ఉన్నా స్మూతే, అడ్డం లేకుండా సాఫీగా కదిలినా స్మూతే. మీకు ఏది కావాలో అదే చెప్పాలి.

గోడ దగ్గరే ఎక్కువ గొడవ. నునుపు వేరు, మట్టం వేరు. సిమెంటు పూత వంకరగా ఉంటే, నునుపు కోసం దానిమీద పలచగా పూసే పుట్టీ దాన్ని సరిచేయదు. ఆరడుగుల అల్యూమినియం పట్టీని గోడకు ఆనించి వెనక సందు చూడండి. సందు కనిపిస్తే పూతలోనే దిద్దించండి. తెల్ల సిమెంటు పుట్టీ రెండు కోట్లూ కలిపి 1.5 మి.మీ. దాటకూడదు, మందం పెరిగితే పెచ్చులూడుతుంది. మన ఎండలకు గోడ నీళ్ళు తాగేస్తుంది కాబట్టి ముందు తడపాలి. పొడి గోడమీద పూస్తే పుట్టీలోని తేమను గోడే లాగేసుకుంటుంది, తర్వాత చెయ్యి పెడితే పిండిలా రాలుతుంది. కలిపిన పుట్టీ రెండు మూడు గంటల్లో అయిపోవాలి. గట్టిపడ్డాక నీళ్ళు పోసి మళ్ళీ కలపనివ్వకండి, ఇది మాత్రం దగ్గరుండి చూసుకోండి. ఆరాక 320 నంబరు ఎమరీ కాగితంతో రుద్దించి, ప్రైమరు కొట్టకముందే రాత్రిపూట టార్చిని గోడ పక్కనుంచి వేసి చూడండి. పగలు కనబడని గీతలు, ఎత్తుపల్లాలు అప్పుడు బయటపడతాయి.

తలుపుకు నునుపూ కావాలి, సాఫీగా కదలడమూ కావాలి. నునుపుకు ఉప్పుకాగితం 80, 120, 180, 220 నంబర్ల వరసలో (నంబరు పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది), చెక్క గీతల వెంబడే రుద్దాలి. 80 నుంచి ఒకేసారి 220కి దూకితే ముందటి గీతలు అలాగే మిగిలి, పాలిష్ పడగానే కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఇక సాఫీగా తెరుచుకోవాలంటే చౌకట్టుకూ తలుపుకూ మధ్య 3 మి.మీ. సందు వదలాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, అప్పుడు చెక్క ఉబ్బి పట్టేస్తుంది. ఎండాకాలంలో బిగుతుగా అమర్చిన తలుపును కార్తీకంలో చిత్రిక పట్టించాల్సి వస్తుంది.

బాత్రూం నేలకు మాత్రం స్మూత్ అనే మాటే ఎత్తకండి. అక్కడ నునుపు ప్రమాదం. గరుకుగా ఉండే మ్యాట్ టైల్స్ వేయించి, నీళ్ళు జాలీ వైపు సాఫీగా పోయేలా అడుగుకు సుమారు 4 మి.మీ. వాలు పెట్టమనండి. టైల్స్ పరిచాక ఒక బకెట్ నీళ్ళు పోయించి, ఎక్కడా నిలవలేదని చూశాకే టైల్స్ సందులు పూడ్చే గ్రౌట్ పట్టించండి.