జింకకూ కయోటీకీ ఒకే రైఫిల్ చేయించుకుంటే ఏ తూటా? నా ఓటు .243కే

టెక్సాస్‌లో ఉంటున్నానని, జింకలకూ కయోటీలకూ (నక్కను పోలిన అడవి జంతువులు) కలిపి ఒకే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను (ప్రతి తూటాకూ గడియలాంటి బోల్ట్‌ను చేత్తో లాగి తోసేది) ప్రత్యేకంగా చేయించుకుంటున్నానని, .243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మోర్, .25-06 రెమింగ్టన్‌లలో ఏ తూటాకు బ్యారెల్ పెట్టించాలో తేలడం లేదని మీరు రాశారు. .243కి పెట్టించండి. బ్యారెల్ ట్విస్ట్ (లోపలి గాడుల మెలిక, కింద వివరిస్తాను) మాత్రం 8 అంగుళాలకు ఒక చుట్టు ఉండాలి. మీకు కావలసిన జవాబు ఇంతే. మిగతాది నేను చాలా కాలంగా ఎవరికైనా చెప్పాలనుకుంటున్నది.

నేను వేటకు వెళ్లేది టెక్సాస్ నడిమి కొండల ప్రాంతమైన హిల్ కంట్రీలో, లానో అనే ఊరి చుట్టుపక్కల. ఆ ఊరు తనను తాను జింకల రాజధాని అని చెప్పుకుంటుంది. టెక్సాస్‌లో నేల దాదాపు అంతా సొంతదారులదే కాబట్టి, మనలాంటి వాళ్లం ఒక రాంచ్‌ను లీజుకు తీసుకుని వేటాడవలసిందే. అక్కడ వేట ఎలా ఉంటుందో తెలియకుండా తూటా గురించి మాట్లాడితే ఉపయోగం లేదు. చెక్కతోనో రేకుతోనో కట్టిన గదిలో కూర్చుంటాం. ఎదురుగా మూడు కాళ్ల మీద నిలబెట్టిన డబ్బా ఒకటి, తెల్లవారగానే ఒకసారి, పొద్దు వాలే ముందు ఒకసారి మొక్కజొన్న గింజలు చిమ్ముతుంది. దాని దగ్గరికి జింకలు వస్తాయి. దూరం నూరు గజాలు, మహా అయితే నూటయాభై. ఆ ప్రాంతపు ఆడ జింక శుభ్రం చేశాక నూరు పౌన్లు తూగడమే అరుదు. ఈ పనికి వెయ్యి గజాల లెక్కలు ఎందుకో నాకు అర్థం కాదు.

కానీ సలహా అడిగితే వచ్చేవన్నీ అవే లెక్కలు. గాలివాటుకు ఏది ఎంత తట్టుకుంటుంది, వెయ్యి గజాల దగ్గర ఎంత వేగం మిగులుతుంది అని పట్టికలు గీసి చూపిస్తారు. వాళ్లలో సగం మంది జీవితంలో జింకను కొట్టినవాళ్లు కారని నా గట్టి నమ్మకం. 6.5 క్రీడ్‌మోర్ మీద నాకేమీ పగ లేదు. 2007లో హార్నడీ సంస్థ దాన్ని తెచ్చింది గురి పోటీల కోసం, ఆ పనిలో అది గొప్పదే. జింకను కూడా చక్కగా పడేస్తుంది. అయితే దుకాణాల్లో దానికి దొరికే తూటాల్లో ఎక్కువ భాగం 120 నుంచి 147 గ్రెయిన్ల గుండ్లవి (గుండు అంటే తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క, గ్రెయిన్ దాని బరువు కొలత). ముప్ఫై నలభై పౌన్ల కయోటీకి అంత బరువు అక్కర్లేదు. .243 పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను 6.5 క్రీడ్‌మోర్ కంటే తక్కువ; .30-06 అనే పెద్ద తూటాతో పోలిస్తే దాదాపు సగం. భుజానికి భయం లేకపోతే ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకోరు. తూటా పేరు కంటే ఇదే ఎక్కువ జింకలను పడగొడుతుంది. మా లీజుకు ఒకాయన .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ పట్టుకుని వస్తాడు. ప్రతి సంవత్సరం గురి సరిచూసుకునే రోజున ఆయన మొహం చూడాలి, సూది వేయించుకోబోయే పిల్లవాడే.

ఇక అసలు విషయం, ట్విస్ట్. బ్యారెల్ లోపల మెలికలుగా గాడులు ఉంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుని గిరగిరా తిరుగుతూ బయటికి వస్తుంది. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే దాన్ని ట్విస్ట్ అంటారు. అంకె తగ్గేకొద్దీ గుండు వేగంగా తిరుగుతుంది. చాలినంత వేగంగా తిరగని గుండు, తాడు సరిగా లాగని బొంగరంలా తూలుతుంది. ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకూ పెద్దగా పట్టలేదు. కళ్లారా చూశాక పట్టింది.

మా రాంచ్ యజమాని ఎనభైకి దగ్గర పడ్డ పెద్దాయన. ఒక అక్టోబరు శనివారం, సీజను మొదలు కాకముందు, అందరం గురి సరిచూసుకుంటుంటే ఆయన తన తండ్రి రైఫిల్ తీసుకుని వచ్చాడు. .244 రెమింగ్టన్. వాల్‌నట్ చెక్క చేతులు పడి పడి నల్లబడింది, లోహం మాత్రం మెరుస్తోంది. మా బృందంలో సొంతంగా తూటాలు నింపుకునే కుర్రవాడు ఒకడున్నాడు. పెద్దాయన మనవడికి ఆ రైఫిల్‌తో మొదటి జింకను కొట్టించాలని, అతను ముచ్చటపడి 105 గ్రెయిన్ల పొడవాటి గుండ్లతో తూటాలు నింపి తెచ్చాడు. 6 మిల్లీమీటర్ల గుండు ఏదైనా ఒకటే కదా అని అతని ధీమా.

నూరు గజాల దగ్గర కాగితం పెట్టారు. మొదటి తూటాకు కాగితం మీద ఏమీ పడలేదు. రెండోదీ అంతే. దుర్భిణి బిగింపు వదులైందేమోనని విప్పి మళ్లీ బిగించారు. తర్వాతి తూటా కాగితానికి ఒక మూల తగిలింది. దగ్గరికి వెళ్లి చూస్తే అది గుండ్రటి రంధ్రం కాదు. గుండు పక్కకు తిరిగి, అడ్డంగా పడుకుని కాగితాన్ని చీల్చుకుని పోయింది. తాళంచెవి పెట్టే కన్నం ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంకోటి వేస్తే అదీ అంతే, ఈసారి జానెడు అవతల. కుర్రవాడు బ్యారెల్ అరిగిపోయిందన్నాడు. పెద్దాయన ఏమీ అనకుండా ట్రక్కు దగ్గరికి వెళ్లి, మూలలు చిరిగిన పాత అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. 75 గ్రెయిన్ల గుండ్లవి. మూడు వేశాడు. మూడు రంధ్రాలనూ ఒక రూపాయి బిళ్లతో దాదాపు మూసేయవచ్చు. "మా నాన్న దీంతో కయోటీలను కొట్టేవాడు, అదే దీని పని" అని మాత్రం అన్నాడు.

ఆ రైఫిల్ కథే మీ ప్రశ్నకు జవాబు. 1955లో విన్‌చెస్టర్ .243ను తెచ్చింది, అదే ఏడాది రెమింగ్టన్ .244ను తెచ్చింది. రెండింటి గుండూ ఒకే లావు. తుపాకి మందు పట్టే చోటు .244లోనే కాస్త ఎక్కువ. ఆ లెక్కన .244 గెలవాలి. కానీ విన్‌చెస్టర్ వాళ్లు 10 అంగుళాల ట్విస్ట్ పెట్టి, చిన్న జంతువులకు 80 గ్రెయిన్లు, జింకకు 100 గ్రెయిన్లు అని రెండు పనులకూ అమ్మారు. రెమింగ్టన్ వాళ్లు అది చిన్న జంతువుల తూటా అనుకుని 12 అంగుళాల ట్విస్ట్ పెట్టి, 75, 90 గ్రెయిన్ల గుండ్లిచ్చారు. ఒకే రైఫిల్ రెండింటికీ కావాలనుకున్న జనం విన్‌చెస్టర్ వైపు వెళ్లిపోయారు. తర్వాత రెమింగ్టన్ ట్విస్ట్‌ను 9 అంగుళాలకు మార్చి, 1963లో పేరు కూడా 6 మిల్లీమీటర్ రెమింగ్టన్ అని మార్చింది. అప్పటికే ఆలస్యమైంది. జింకా కయోటీ అనే మీ ఇరకాటం మీద ఒక మంచి తూటా మునిగిపోయిందన్నమాట.

అందుకే తూటా పేరు ఎంచుకోవడానికి మీరు పడుతున్న తిప్పల్లో సగం ట్విస్ట్ మీద పడండి. కంపెనీ తయారీ .243లకు సాధారణంగా 10 అంగుళాలే ఉంటుంది. ఎలాగూ డబ్బు పోసి చేయించుకుంటున్నారు కాబట్టి 8 అడగండి. చూడవలసింది గుండు పొడవు, బరువు కాదు. సీసం కంటే రాగి తేలిక, కాబట్టి అదే బరువు రాగి గుండు పొడవెక్కువ, ఇంకా వేగంగా తిరగాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ జంతువును వేటాడినా సీసం లేని తూటాలే వాడాలి. రేపు మీరు ఆ రాష్ట్రానికి ఉద్యోగం మారితే? మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు మళ్లీ అమ్మగలమా అని నాలుగుసార్లు ఆలోచిస్తారు, బ్యారెల్ దగ్గర మాత్రం ఇవాళ్టి సంగతి తప్ప ఏమీ చూడరు.

రాష్ట్రం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. టెక్సాస్‌లో సెంటర్‌ఫైర్ తూటా (అడుగు మధ్యలో కొడితే పేలేది) ఏదైనా జింకకు చట్టసమ్మతమే, .223 కూడా. కొలరాడో అలా కాదు. అక్కడ .24 క్యాలిబర్ (గుండు లావు, అంగుళాల్లో) కంటే చిన్నది కుదరదు, జింకకు గుండు కనీసం 70 గ్రెయిన్లు ఉండాలి. డల్లాస్ నుంచి కొలరాడో కొండల్లో మ్యూల్ డీర్ అనే పెద్ద చెవుల జింక కోసం వెళ్లేవాళ్లు నాకు తెలుసు. .243తో ఆ గీత ఇటువైపే ఉంటారు. అది ఒక్క మిల్లీమీటరు తేడా కూడా కాదు, కానీ జరిమానా రాసేవాడు మిల్లీమీటర్ల కోసం బేరమాడడు.

.25-06 సంగతి. మంచి తూటా, .30-06 మెడను సన్నం చేసి పుట్టించినది, రెమింగ్టన్ 1969లో దుకాణాలకు తెచ్చింది. విశాలమైన బయలు ప్రదేశంలో దానికి సాటి తక్కువ. కానీ దానికి పొడవాటి యాక్షన్ (బోల్ట్ కదిలే, తూటాను లోపలికి తోసే భాగం) కావాలి. .243, 6.5 క్రీడ్‌మోర్, .308 మూడూ పొట్టి యాక్షన్‌లో ఇముడుతాయి, మూడింటికీ బోల్ట్ ముఖం కూడా ఒకటే. రేపు మనసు మారితే బ్యారెల్ ఒక్కటి మార్పిస్తే సరిపోతుంది. ఇంకో కారణం, 2020, 2021లో తూటాల కరువు. ఆ రోజుల్లో చిన్న ఊళ్ల దుకాణాల అరల్లో .25-06 అన్నది నాకు కనిపించలేదు. .243 కూడా కష్టమే అయింది, కానీ ఎక్కడో ఒకచోట ఒక పెట్టె దొరికేది. పశువుల దాణా అమ్మే దుకాణంలో దొరకని తూటాకు రైఫిల్ చేయించుకోవద్దు, ఎంత గొప్పదైనా సరే. అక్లీ తరహాలో, అంటే మందు ఎక్కువ పట్టేలా, బ్యారెల్‌లో తూటా కూర్చునే గది మార్పించుకోమని మీ గన్‌స్మిత్ ఊరిస్తే నవ్వి ఊరుకోండి. చేతిచమురు వదిలేది మీకు, పేరొచ్చేది ఆయనకు.

గుండు ఎంపికలో నాది కొంచెం మొండి అభిప్రాయం. చాలామంది కయోటీకి 58 గ్రెయిన్లు, జింకకు 100 గ్రెయిన్లు అని రెండు పెట్టెలు మోస్తారు. రెండూ ఒకేచోట తగలవు. జింక కోసం కూర్చున్నప్పుడు కయోటీ వస్తే దుర్భిణి చక్రం తిప్పుతూ కూర్చుంటారా? తేలిక గుండు వేస్తే చర్మం పాడవదని చెప్పే మాట ఉత్తరాది రాష్ట్రాలది. మోంటానా చలికి కయోటీ బొచ్చు ఒత్తుగా పెరుగుతుంది, దానికి కొనేవాళ్లుంటారు. టెక్సాస్ కయోటీ బొచ్చు పలచన, మా దగ్గర ఎవరూ వలవరు. మేకపిల్లలు పుట్టే కాలంలో కయోటీలను తగ్గించమని రాంచ్ వాళ్లు అడుగుతారు, అంతే. కాబట్టి రెండింటికీ 95 లేదా 100 గ్రెయిన్ల జింక గుండు ఒకటే వాడండి. 100 గ్రెయిన్లు అంటే ఆరున్నర గ్రాములే. 200 గజాలకు గురి కుదిర్చితే 300 దగ్గర ఏడెనిమిది అంగుళాలు దిగుతుంది, అది గుర్తు పెట్టుకోవడం పెద్ద కష్టం కాదు. దీనికి వ్యతిరేకం మాత్రం ఎన్నడూ చేయకండి. 58 గ్రెయిన్ల గుండు సెకనుకు 3,750 అడుగుల వేగంతో వెళ్లి, తగిలిన చోటే పగిలిపోయేలా చేసింది. జింక భుజం మీద వేస్తే పైపైన గాయం చేసి వదిలేస్తుంది. ఆ జింక ఎక్కడో ముళ్లపొదలో రెండు రోజులు బాధపడుతుంది.

ఊళ్లో మా పెదనాన్న దగ్గర పొలం కాపలాకు లైసెన్సు రైఫిల్ ఉండేది, ఇషాపూర్ ఫ్యాక్టరీ .315. ఆయనకు ఏ తూటా అన్న ప్రశ్నే ఎదురు కాలేదు, దొరికేది అదొక్కటే. ఇక్కడి దుకాణం గోడ ఫొటో పంపితే, ఇన్ని రకాలు ఎందుకురా అని అడిగారు. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

చివరగా, మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. గ్రీన్ కార్డు ఉంటే ఈ మాట వదిలేయండి. హెచ్-1బీ అయితే, వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని కేంద్ర చట్టమే నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒక మినహాయింపు. మనవాళ్లు కొనేరోజున లైసెన్సు తీసుకుని, తర్వాత దాని మాటే మరిచిపోతారు. టెక్సాస్ వేట లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న రైఫిల్ మీ అల్మారాలోనే ఉంటుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటగాళ్ల శిక్షణ కోర్సు కూడా పూర్తి చేయాలి. ప్రత్యేకంగా చేయించుకునే రైఫిల్‌లో చట్టం దృష్టికి తుపాకి అంటే సీరియల్ నంబరు ఉన్న యాక్షనే. బ్యారెల్ మామూలు పార్శిల్‌లో ఇంటికే వస్తుంది. కాబట్టి బ్యారెల్ ఇప్పుడే ఆర్డరు ఇచ్చేయండి, మంచి తయారీదార్ల దగ్గర నెలల తరబడి వరుస ఉంటుంది. యాక్షన్ కొనడానికి మాత్రం లైసెన్సు జేబులో పెట్టుకుని వెళ్లండి.