పసుపు మీద ఊదా వేస్తే ఆకాశం ఎందుకు చెడుతుంది?

ప్రశ్న: రాజమహేంద్రవరం గోదావరి గట్టు నుంచి కనిపించే సూర్యాస్తమయాన్ని నీటిరంగుల్లో వేస్తున్నాను. పసుపు మీద ఊదా పడగానే ఆకాశం బురదరంగుకు తిరుగుతోంది. ఆరాక గోబీపువ్వులాంటి మరకలు తేలుతున్నాయి. తప్పెక్కడ?

జవాబు: పసుపు, ఊదా విరుద్ధ రంగులు. కలిస్తే బూడిదో గోధుమో తప్ప మరొకటి రాదు. వాటి మధ్య గులాబీ ఉండాలి. అప్పుడు పసుపు, గులాబీ కలిసినచోట నారింజ; గులాబీ, నీలం కలిసినచోట ఊదా వాటంతట అవే పుడతాయి. పసుపుకు న్యూ గాంబోజ్, గులాబీకి పర్మనెంట్ రోజ్, నీలానికి అల్ట్రామెరీన్ బ్లూ, ఆకాశానికి ఈ మూడు ట్యూబులు చాలు. కాడ్మియం రంగులు పై పొరలకు వద్దు, కింది కాంతిని కప్పేస్తాయి.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో పలకకు అతికించి, ఆకాశమంతా శుభ్రమైన నీటితో తడపండి. నేల అంచు నుంచి పైకి పలచబడుతూ పోయేలా పసుపు వేయండి. సూర్యబింబం ఉండేచోట కాగితాన్ని తెల్లగానే వదలండి. నారింజతో నింపిన సూర్యుడు చుట్టూ ఉన్న ఆకాశం కంటే ముదురై, వెలుగే కనిపించదు. పూర్తిగా ఆరాక మెత్తటి వెడల్పు కుంచెతో మళ్లీ తడిపి, మధ్యలో గులాబీ వేయండి. అది ఆరాక పైనుంచి నీలం దించి, పసుపు మొదలయ్యేలోపే నీటితో కరిగించేయండి. తడిపేటప్పుడు కుంచెను ఒక్కసారే లాగాలి, రుద్దితే కింది రంగు లేచిపోతుంది.

అరచేతి వెనుక భాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే కాగితంలో ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలంలో కోస్తా తేమకి మరింత ఓపిక పట్టాలి. మీ మరకలకు కారణమూ ఇదే. సగం ఆరిన పొర మీద నీరెక్కువున్న కుంచె తగిలితే, ఆ నీరు రంగును అంచులకు నెట్టేస్తుంది. తడి మెరుపు పోయాక, పూర్తిగా ఆరేదాకా ఇక ముట్టుకోకండి. నీటిరంగు ఆరాక వెలుస్తుంది కనుక మొదటే కాస్త చిక్కగా కలపండి.

ప్రశ్న: అవతలి గట్టు చెట్లు నల్లగా అతికించినట్టున్నాయి. నది నీళ్లను ఎలా చిత్రించాలి?

జవాబు: నలుపు ట్యూబు పక్కన పెట్టండి. కొవ్వూరు వైపు చెట్లకు నీలంలో కొంచెం గులాబీ కలిపి పలచగా వేయండి, సూర్యుడి కింద మాత్రం వాటిని నారింజ వైపు మళ్లించండి. నది మీది ఆర్చి రైలు బ్రిడ్జి ఆ చెట్ల కంటే ఒక మెట్టు ముదురు. ఇవతలి పడవలకు అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమరంగు) చిక్కగా కలిపితే చాలు. నీళ్లలో ఆకాశపు రంగులే తలకిందులుగా, కొంచెం ముదురుగా, అడ్డగీతలతో వేయండి. సూర్యుడి మెరుపు సరిగ్గా బింబం కిందే నిలువుగా పడాలి. పక్కకు జరిగితే నీరు వాలుగా ఉన్నట్టు కనిపిస్తుంది.