ఇంగ్లీషు, స్పానిష్ స్పెల్లింగుల గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లీషు పదాల ఆటల్లో చేయి తిరిగాక ఇప్పుడు స్పానిష్ కూడా మొదలుపెట్టావని, రెండింట్లోనూ తప్పుల్లేకుండా రాయాలంటే ఏం చేయాలని అడిగావు. చాలాకాలంగా ఈ రెండు భాషల నిఘంటువులతో మసలినవాడిగా నేను చెప్పేది ఒకటే. ఒక భాషలో అబ్బిన అలవాటును రెండో భాషకు అంటగట్టకు.

స్పానిష్‌లో కనబడిన మాటను చదవడం తేలికే కానీ, వినబడిన మాటను రాయడం అంత తేలిక కాదు. బి, వి అక్షరాలు ఒకేలా పలుకుతాయి, హెచ్ అసలు పలకదు, ఇ, ఐ ల ముందు జి, జె లకు తేడా తెలియదు, లాటిన్ అమెరికాలోనైతే ఎస్, జెడ్ కూడా ఒకటే. ఇలాంటి కొద్దిచోట్ల మాత్రమే నిఘంటువు చూసుకుని, మిగతా అంతటా చెవిని నమ్ము.

అచ్చుల మీద పెట్టే గీతను చూసి చాలామంది కంగారుపడతారు గానీ, దానికి స్పష్టమైన సూత్రం ఉంది. అచ్చుతోగాని, ఎన్, ఎస్ లతోగాని ముగిసే మాటను చివరినుంచి రెండో పలుకుముక్క (సిలబుల్) దగ్గర ఊని, అంటే ఒత్తి పలుకుతారు, తక్కినవాటిని చివరి పలుకుముక్క దగ్గర. ప్రధానంగా ఈ పద్ధతి తప్పిన మాటకే గీత పెడతారు. పాట అని అర్థమిచ్చే ‘కాన్సియోన్’ ఎన్‌తో ముగిసినా ఊనిక చివరన పడుతుంది కనుక దానికి గీత కావాలి. బహువచనం ‘కాన్సియోనెస్’లో ఊనిక సూత్రం ప్రకారమే ఉంది కనుక గీత పోతుంది. ఈ జంటను పలుకుతూ నాలుగైదుసార్లు రాసి చూడు.

ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది జంట హల్లుల దగ్గర. స్పానిష్ సొంత మాటల్లో సాధారణంగా సి, ఆర్, ఎల్, ఎన్ మాత్రమే జంటగా వస్తాయి. కరోలినా అనే పేరులోని హల్లులు అవే కనుక మరిచిపోవు. ప్రొఫెషనల్‌కు ఇంగ్లీషులో రెండు ఎస్‌లు, స్పానిష్‌లో ఒకటే. ఇమ్మీడియట్‌లో రెండు ఎమ్‌లు ఉంటే, స్పానిష్ మొదటి ఎమ్‌కు బదులు ఎన్ రాస్తుంది. రెండు భాషల్లోనూ ఉన్న ఇలాంటి మాటలను పక్కపక్కన రాసిపెట్టుకోవడం పొడవాటి పదపట్టికలు బట్టీపట్టడం కన్నా నయమని నా అభిప్రాయం.

పుస్తకాల విషయానికొస్తే, స్పానిష్‌కు ప్రమాణాలు చెప్పే, 1713లో ఏర్పడిన రాయల్ అకాడమీ ఉంది. దాని నిఘంటువును ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఇంగ్లీషుకు అలాంటి పీఠం లేదు. ఇంగ్లండులో వచ్చిన 1755 నాటి జాన్సన్ నిఘంటువులో కలర్‌కు యు ఉంది, అమెరికాలో వచ్చిన 1828 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులో లేదు. బ్రిటిష్ పద్ధతో అమెరికన్ పద్ధతో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడు. పాత స్పానిష్ నిఘంటువు చేతికొస్తే దాని అచ్చు సంవత్సరం చూడు. సిహెచ్, డబుల్ ఎల్ లను విడి అక్షరాలుగా వరసపెట్టే పద్ధతిని స్పానిష్ మాట్లాడే దేశాల అకాడమీలు 1994లో మానుకున్నాయి. అంతకుముందు పుస్తకాల్లో సిహెచ్ మాటలు సి విభాగం మొత్తం అయిపోయాక వస్తాయి. ఏ పుస్తకం తెరిచినా, ముందు నీ ఊహను కాగితం మీద రాసి, ఆ తరువాతే తెరువు.

ఇక పదాల ఆటలకొస్తే, అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆటకు స్పానిష్ పెట్టెలో కె, డబ్ల్యు బిళ్లలు ఉండవు. సిహెచ్, డబుల్ ఎల్, డబుల్ ఆర్ లకు విడి బిళ్లలుంటాయి, సి పక్కన హెచ్ పేర్చి సిహెచ్‌గా వాడుకోవడాన్ని పోటీ నియమాలు ఒప్పుకోవు. ఇంగ్లీషులో పది పాయింట్లు తెచ్చే క్యూకు ఇక్కడ అయిదే. ఇంగ్లీషు ఆటకు కూర్చునేటప్పుడు ఏ పదాల జాబితా ప్రమాణమో ముందే తేల్చుకో, ఎందుకంటే బ్రిటన్‌లో వాడే కాలిన్స్ జాబితా ఒప్పుకునే చాలా మాటలు ఉత్తర అమెరికా జాబితాలో కనబడవు.

ఆశీస్సులతో,
మామయ్య