అల్లం కుళ్ళుతోందా? ముందు గ్లాసు నీళ్ళతో చూడండి

అన్నా, పలమనేరు దగ్గర మీ అల్లం మడిలో ఆకులు పసుపెక్కి, పిలకలు లాగితే ఊడొస్తున్నాయన్నారు. మందు కొట్టేముందు ఒక పని చేయండి. జబ్బు పిలకను మొదట్లో కోసి, గ్లాసులో తేట నీళ్ళలో నిలబెట్టండి. కోసిన చోటి నుంచి పాలలాంటి దారాలు కిందికి దిగితే అది బ్యాక్టీరియా వడలు తెగులు, శిలీంద్రపు మందులు పనిచేయవు. దారాలు రాకపోతే పిథియం అనే శిలీంద్రంలాంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే దుంపకుళ్ళు అయ్యుండొచ్చు. కుళ్ళిన దుబ్బుల్ని మట్టితో సహా తీసేసి, చుట్టూ లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి. మడిలో నీళ్ళు నిలవనీయకండి, సగం రోగం అక్కడే.

ఇంకో మాట. అంతకుముందు అక్కడ టమాటా వేశారా? మన వైపు అదే ఎక్కువ కదా. వడలు బ్యాక్టీరియా టమాటాకీ, వంకాయకీ, మిరపకీ వస్తుంది. వచ్చేసారి వేరే చేనులో, జబ్బులేని విత్తనపు దుంపల్ని లీటరు నీళ్ళకు 3 గ్రాముల మాంకోజెబ్ (శిలీంద్రపు మందు) కలిపి అందులో అరగంట నానబెట్టి, నీడలో ఆరబెట్టి నాటండి.