సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీలో టర్బో ఇంజిన్: భయపడాల్సింది దేనికి?

ప్రశ్న: మా కుటుంబం కోసం చిన్నపాటి ఎస్‌యూవీ ఒకటి కొందామని సెకండ్‌హ్యాండ్ వాహనాలు చూస్తున్నాము. చివరికి రెండు మిగిలాయి. ఒకటి 2018 నాటి హోండా సీఆర్‌-వీ, దానిది 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 60 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది 2016 నాటి టయోటా రావ్‌4. టర్బో లేని 2.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, లక్ష కిలోమీటర్లు దాటింది. ధరల్లో పెద్ద తేడా లేదు. సీఆర్‌-వీ తక్కువ తిరిగింది కనుక నా మనసు అటే మొగ్గుతోంది. అయితే టర్బో ఇంజిన్ లక్ష కిలోమీటర్లు దాటాక నిలవదని మా బంధువులు గట్టిగా చెబుతున్నారు. నా రోజువారీ ప్రయాణం నాలుగైదు కిలోమీటర్లే. దూరప్రయాణం ఎప్పుడో నెలకొకసారి. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ బంధువుల భయానికి మూలం ఉంది కాని, వారు చెప్పిన హద్దుకు ఆధారం లేదు. ఎగ్జాస్ట్ వాయువుల బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే టర్బో పరికరానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంట్ పొందారు. లక్షల కిలోమీటర్లు నడిచే లారీల డీజిల్ ఇంజిన్లలో అది దశాబ్దాలుగా పనిచేస్తోంది. పెట్రోల్ కార్లలో దాని తొలి అడుగులు మాత్రం తడబడ్డాయి. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్‌లో ఇంజిన్ దెబ్బతినకుండా ఉండటానికి నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని వేరే ట్యాంకులో నింపుతూ ఉండాల్సి వచ్చేది. చాలామంది యజమానులు ఆ పని మరచిపోయేవారు. టర్బో అంటే తంటా అన్న పేరు అలాంటి రోజుల్లో పడింది. నేటి టర్బోలు ఆ దశను ఎప్పుడో దాటాయి.

ఇప్పటికీ మారనిది ఒకటుంది: టర్బోకు ప్రాణం ఇంజిన్ ఆయిల్. దాని ఇరుసు నిమిషానికి లక్షన్నర సార్లకు పైగా తిరగగలదు; పెట్రోల్ ఇంజిన్‌లో దానిని తాకే వాయువుల వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. అంత వేగంలో ఆ ఇరుసును నిలబెట్టేది బేరింగుల మధ్య పరుచుకున్న పలుచని ఆయిల్ పొర మాత్రమే. ఆయిల్ పాతబడినా, మట్టం తగ్గినా, సన్నని ఆయిల్ గొట్టంలో మసి గడ్డకట్టినా ముందుగా దెబ్బతినేది అక్కడే. టర్బో లేని ఇంజిన్ ఒకటి రెండు సార్లు ఆయిల్ మార్పు ఆలస్యమైనా ఓర్చుకోవచ్చు. టర్బో ఇంజిన్ అంతగా ఓర్చుకోదు. అందువల్ల టర్బో ఉన్న పాత వాహనాన్ని చూసేటప్పుడు అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానికంటే, ఆ దూరంలో ఎన్నిసార్లు, ఏ రకం ఆయిల్ మార్చారన్నదే పెద్ద ప్రశ్న. సర్వీస్ రికార్డు చూపించలేని టర్బో వాహనాన్ని, అది ఎంత తళతళలాడుతున్నా, ఎంత చవకగా వస్తున్నా కొనవద్దనే నేను చెబుతాను.

ఇక మీ సందర్భానికి వద్దాము. మీరు చూసిన సీఆర్‌-వీ ఇంజిన్ ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పెట్రోల్‌లో కొంత ఆవిరి కాకుండా సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడిస్తే అది మళ్లీ ఆవిరై పోతుంది. నాలుగు కిలోమీటర్లకే ఆపేస్తే పోదు, రోజురోజుకూ పేరుకుంటుంది. అప్పుడు ఆయిల్ పలుచబడుతుంది, ఆయిల్ కొలిచే కడ్డీ అయిన డిప్‌స్టిక్ మీద దాని మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది, వాసన చూస్తే పెట్రోల్ తెలుస్తుంది. ఇదే ఇంజిన్ ఉన్న 2017, 2018 సీఆర్‌-వీల మీద చలి ఎక్కువగా ఉండే ప్రాంతాల నుంచి సరిగ్గా ఈ ఫిర్యాదులే వచ్చాయి. హోండా సాఫ్ట్‌వేర్ మార్పులు చేసి, కొన్ని దేశాల్లో వారంటీ గడువు కూడా పెంచింది. వెచ్చని వాతావరణంలో, పొడవైన ప్రయాణాలు చేసేవారి చేతిలో ఈ ఇంజిన్ బాగానే నడుస్తుంది. మీ వాడకం మాత్రం దానికి బొత్తిగా సరిపడనిది.

రావ్‌4 సంగతి వేరు. ఆ తరం 2.5 లీటర్ల ఇంజిన్‌లో పెట్రోల్, సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వుల వెనుకనే గాలితో కలుస్తుంది. పెట్రోల్ తగులుతూ ఉండటం వల్ల ఆ వాల్వులు శుభ్రంగా ఉంటాయి. నేరుగా చిమ్మే ఇంజిన్లలో వాటి మీద కర్బనం పేరుకోవడం టర్బో ఉన్నా లేకున్నా తెలిసిన సమస్యే. గేర్‌బాక్స్ కూడా ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్. ఇందులో కొత్తదనం ఏమీ లేదు, కొనేవారికి అదే మేలు. చిన్న ప్రయాణాలు దీనికీ హితం కావు, కాని ఇది వాటిని బాగా తట్టుకుంటుంది. నా సలహా రావ్‌4 వైపే. టర్బో ఉన్నందుకు కాదు, మీ రోజువారీ దారి చిన్నదైనందుకు సీఆర్‌-వీని వద్దంటున్నాను. మీరు రోజూ నలభై కిలోమీటర్లు వెళ్లేవారైతే, సర్వీస్ రికార్డు పక్కాగా ఉంటే, ఆ సీఆర్‌-వీనే తీసుకోమని చెప్పేవాడిని.

టర్బో లేదు కనుక ఇక నిశ్చింత అనుకోవడం కూడా పొరపాటే. హ్యుందాయ్, కియా సంస్థలు శాంటా ఫే స్పోర్ట్, స్పోర్టేజ్ వంటి వాహనాలను 2017లో బేరింగుల లోపం వల్ల వెనక్కి పిలిపించాయి. ఆ ఇంజిన్లలో టర్బో లేని 2.4 లీటర్లవీ ఉన్నాయి. పిస్టన్ల కదలికను చక్రభ్రమణంగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ తయారీలో మిగిలిపోయిన లోహపు రజను ఆయిల్ దారులను మూసివేయడం దానికి కారణం. మాజ్దా సీఎక్స్‌-5లో రెండు సిలిండర్లను ఆపి నడిపే టర్బో లేని ఇంజిన్ ఉన్న వాహనాలకు 2019లో సాఫ్ట్‌వేర్ లోపం మీద రీకాల్ వచ్చింది. ఆ మాటకొస్తే 2013 నుంచి 2018 వరకు వచ్చిన రావ్‌4లకు కూడా 12 వోల్టుల బ్యాటరీ బిగింపు విషయంలో అమెరికాలో రీకాల్ జరిగింది. మరోవైపు, ప్యూజో 2008, 3008లలో వాడిన 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ టర్బో ఇంజిన్‌కు పెద్ద చిక్కు తెచ్చింది టర్బో కాదు, ఆయిల్‌లో మునిగి తిరిగే టైమింగ్ బెల్టు (వాల్వులు సరైన సమయంలో తెరుచుకునేలా చూసే బెల్టు). అది అరిగి రాలిన ముక్కలు ఆయిల్ పంపు జల్లెడను మూసేసేవి. కనుక బ్రాండును, టర్బోను పక్కన పెట్టి, మీరు చూస్తున్న సంవత్సరపు మోడల్‌లో ఉన్న ఆ ఒక్క ఇంజిన్ చరిత్రను చూడండి. ఛాసిస్ నంబరు ఇస్తే రీకాల్ పనులు పూర్తయ్యాయో లేదో కంపెనీ సర్వీస్ కేంద్రంలో చెబుతారు.

చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజిన్‌ను ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి తిరిగి రండి, ఎందుకంటే చాలా లోపాలు చల్లని స్టార్ట్‌లోనే బయటపడతాయి. ముందు డిప్‌స్టిక్ తీసి మట్టం, వాసన చూడండి. ఆయిల్ మూత లోపలి వైపు నల్లటి జిగురు పట్టి ఉందేమో చూడండి. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ మట్టం తక్కువగా ఉంటే అది ఎక్కడికి పోతోందో సమాధానం దొరికే వరకు ముందుకు వెళ్లవద్దు. తరువాత స్టార్ట్ చేయించి మీరు వెనుక నిలబడండి. నీలిరంగు పొగ వచ్చిందంటే ఆయిల్ కాలుతున్నట్టే. నడుపుతున్నప్పుడు టర్బో నుంచి సన్నని ఈల వినిపించడం సహజమే, కాని వేగం పెంచేకొద్దీ అది సైరన్‌లా పెరిగితే ఇరుసు అరిగిపోయి ఉండవచ్చు. ఒక మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. ఎర్రర్ కోడ్లు లేవని తేలడంతో సరిపెట్టుకోకుండా, సిస్టమ్ స్వీయ పరీక్షలన్నీ పూర్తయి ఉన్నాయో లేదో అడగండి. అవి పూర్తికాలేదంటే కోడ్లను ఈమధ్యనే తుడిచివేసి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండవచ్చు. రావ్‌4 లక్ష దాటింది కనుక గేర్‌బాక్స్ ఆయిల్ మార్చారా అన్నది కూడా అడగాల్సిందే. అమ్మేవారు ఈ పరీక్షలకు ఒప్పుకోకపోతే ఆ వాహనాన్ని వదిలేయండి.

ప్రశ్న: టర్బో కారును ఆపే ముందు ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలని కొందరు అంటారు. రోజూ అలా చేయాలా?

జవాబు: అవసరం లేదు. నేటి టర్బోలలో చాలావాటి బేరింగుల భాగం చుట్టూ కూలెంట్ కూడా ప్రవహిస్తుంది. ఊళ్లో మెల్లగా నడిపి వచ్చినప్పుడు వెంటనే ఆపవచ్చు. ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చి గాని, చాలాసేపు అతివేగంగా నడిపి గాని వెంటనే ఆపితే, అక్కడ నిలిచిపోయిన ఆయిల్ వేడికి మాడి మసిగా మారే అవకాశం ఉంది. అలాంటప్పుడు చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపితే చాలు, లేదంటే ఒక నిమిషం ఆగి ఆపండి. దీనికంటే పట్టించుకోవలసిన అలవాటు మరొకటి ఉంది. పై గేర్‌లో, తక్కువ వేగంలో యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా అదిమితే, చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో స్పార్క్ పడకముందే ఇంధనం అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2020లో తెచ్చిన ఎస్‌పీ ప్రమాణపు ఆయిల్ ఈ ముప్పును తగ్గిస్తుంది. మీ కారు మాన్యువల్‌లో చెప్పిన చిక్కదనంలోనే, డబ్బా మీద ఆ గుర్తు ఉన్న ఆయిల్ తీసుకోండి.

ప్రశ్న: ఒక ఎస్‌యూవీ నచ్చింది. యజమాని ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి శక్తి పెంచానని, ఇప్పుడు పాత సాఫ్ట్‌వేర్ తిరిగి వేయించి ఇస్తానని అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: కొనవద్దు. సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి మార్చవచ్చు గాని, పెరిగిన ఒత్తిడిని ఇప్పటికే భరించిన పిస్టన్లను, గాస్కెట్‌ను, గేర్‌బాక్స్‌ను వెనక్కి మార్చలేరు. ఆ వాహనమే కావాలని మీకు బలంగా ఉంటే, కొనే ముందు ప్రతి సిలిండర్‌కూ ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష, గాలి ఎంత లీకవుతోందో చూసే లీకేజీ పరీక్ష చేయించి, ఫలితాలను కాగితం మీద రాయించి తీసుకోండి.